గోనెపట్టీలు కుట్టిన వానాకాలం

పెట్రోలు బంకుకి వెళ్తే అందరూ మీటరు వంక చూస్తారు, నేను నేల వంక చూస్తాను. గచ్చులో గుండ్రంగా బిగించిన ఇనుప మూతలు కనబడితే చాలు, కాళ్లు అటే పోతాయి. "అక్కడేముందమ్మా, ఎండలో నిలబడతావు!" అని మా పెద్దమ్మాయి విసుక్కుంటుంది. ఏముందో చెప్పబోతే వినే ఓపిక దానికి ఉండదు. ఆ మూత కింద ట్యాంకు ఉంటుంది. ట్యాంకు ఒంటికి తారు, తారు మీద గోనెపట్టీ, దాని చుట్టూ ఇసుక, ఇసుక చుట్టూ ఇటుక గోడ, అన్నిటి మీదా స్లాబు. ఇప్పుడెలా చేస్తున్నారో నాకు తెలియదు. డెబ్బైల్లో పటాన్‌చెరు దగ్గర మాత్రం అలాగే చేసేవాళ్లు. అందులో గోనెపట్టీలు కుట్టింది నేనూ, చిట్కుల్‌లో మేం అద్దెకున్న ఇంటావిడా.

ఇప్పుడు నా బెంగంతా ఆ ఇంటావిడ మీదే. ఆ రోజుల్లో మాత్రం నా బెంగ వేరు.

మాది కృష్ణా జిల్లాలో కాలవగట్టు ఊరు. మా ఆయన డ్యాము పనుల్లో తాపీపని నేర్చుకుని, హైదరాబాదు దగ్గర రామచంద్రాపురంలో పెద్ద కర్మాగారం కడుతున్నప్పుడు ఇటు వచ్చారు. ఆ పని అయ్యాక ఒక కాంట్రాక్టరు దగ్గర మేస్త్రిగా కుదిరారు. పటాన్‌చెరు చుట్టూ జొన్నచేలల్లో రేకుల షెడ్లు లేస్తున్న కాలం అది. ప్రతి షెడ్డుకీ ఒక జనరేటరు, ఆ జనరేటరుకి డీజిలు, ఆ డీజిలు దాచడానికి నేలలో ఒక ట్యాంకు. ఆ ట్యాంకులకి నేల కింద గదులు కట్టడం మా ఆయన పని. అల్లుడేం చేస్తాడని ఊళ్లో ఎవరైనా అడిగితే మా అమ్మ "ఫ్యాక్టరీలు కడతాడు" అని చెప్పేది. గోతుల్లో గోడలు కడతాడని చెప్పుకోవడం ఆవిడకి నామోషీ.

పెళ్లయిన ఏడాదికి పటాన్‌చెరు పక్క ఊరు చిట్కుల్‌లో ఒక గది కిరాయికి తీసుకుని నన్ను తెచ్చారు. దిగిన రోజే ఏడుపొచ్చింది. కాలవ లేదు. పచ్చదనం లేదు. ఎటు చూసినా తుమ్మచెట్లూ బండరాళ్లూ. బావిలో నీళ్లు చేదితే ఉప్పన, ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా పప్పు ఉడకదు. చేపముక్క కళ్లబడదు. జొన్నరొట్టె నమిలి నమిలి దవడలు పీకేవి. సాయంత్రమయ్యేసరికి మా ఊళ్లో పడవవాళ్ల కేకలు చెవుల్లో వినబడేవి. ఈ ఊరిని నేను తిట్టని రోజు లేదు. నోటితో కాదు, మనసులో.

ఇంటావిడ అదే లోగిట్లో పక్కగదిలో ఉండేది. పెద్దావిడ. భర్త లేడు. కొడుకులూ కోడళ్లూ చేను దగ్గర ఇల్లు వేసుకున్నారు, ఈవిడ ఒక గేదెని పెట్టుకుని ఊళ్లోనే ఉండిపోయింది. మనిషి సన్నం, గొంతు మాత్రం ఊరి చివరిదాకా వినబడేది. నేను గడప మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే మొదటిసారి వచ్చి పలకరించింది.

"ఏంది పిల్లా, గట్ల మొకం ఏలాడేసుకొని కూసున్నవ్? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏం లేదండీ."

"అండీ గిండీ నాకు చెప్పకు. తిన్నవా లేదా అది చెప్పు."

తినలేదని తెలిసి లోపలికెళ్లి, మజ్జిగలో నానబెట్టిన జొన్నరొట్టె ముక్కలు గిన్నెలో వేసుకొచ్చింది. "గిది నమిలే పని లేదు, మింగుడే" అంది. సగం తిన్నాక గానీ అది రుచిగా ఉందని ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ రోజు నుంచి ఆవిడ నాకు పెద్దమ్మ అయింది.

గోనెపట్టీల పని మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్తాను. నేలలో పెట్టిన ఇనుముకి తడి తగిలితే తుప్పు పడుతుంది. ఎక్కడో చిన్న చిల్లి పడిందంటే డీజిలు నేలలోకి దిగి చుట్టుపక్కల బావుల్లో తేలుతుంది. అందుకని ట్యాంకుకి కాగిన తారు పూసి, ఆ వేడి మీదే గోనెపట్టీ బిగించి చుట్టి, దాని మీద మళ్లీ తారు పూసేవాళ్లు. పాత గోనెసంచులు విప్పి, ఉతికి, జానెడు వెడల్పున కోసి, ముక్కకి ముక్క కలిపి కుట్టి పొడుగాటి చుట్టలు చేయాలి. అసలు కష్టం కుట్టులో ఉంది. కుట్టు ఉబ్బితే దాని కిందికి తారు దిగదు, గాలి నిలుస్తుంది, రేపు అక్కడే నీళ్లు చేరతాయి. కుట్టు ఎక్కడుందో చేతికి తెలియకూడదు.

కూలీలు ముడులు వేసి పారేస్తున్నారని మా ఆయన ఒకరోజు సంచులన్నీ ఇంటికే మోయించుకొచ్చారు. "నీకు కుట్టుపని వచ్చుగా, తోచడం లేదంటున్నావుగా" అన్నారు. జాకెట్లు కుట్టే చేతికి దబ్బనం ఇస్తే ఏమవుతుంది? మొదటి పూటే వేలు పొడుచుకున్నాను. పెద్దమ్మ చూసి నవ్వి, నా చేతిలోది లాక్కుంది. పంటకాలంలో సంచుల మూతులు కుట్టీ కుట్టీ ఆవిడకి అది నీళ్లు తాగినంత తేలిక. అంచుల్లో పోగులు లాగేసి, రెండు అంచులనీ ఒకదాని మీద ఒకటి పరచి, అడ్డంగా కుట్లు వేసి, రోకలితో నాలుగు దెబ్బలు వేసేది. కుట్టు అణిగిపోయేది. ఇద్దరం వసారాలో ఎదురెదురుగా కూర్చుని పొద్దు గూకేదాకా కుట్టేవాళ్లం. ఆవిడ ఊళ్లోవాళ్లందరి సంగతులూ చెప్పేది, నేను మా కాలవ గురించి చెప్పేదాన్ని.

"నీ కాలువ ముచ్చట ఇని ఇని నాకే ఈతొచ్చెటట్టున్నది" అని వేళాకోళం చేసేది.

అప్పటికి నాకు నెల తప్పింది. ఆ సంగతి మా ఆయన కంటే ముందు పెద్దమ్మే కనిపెట్టింది. "కడుపుతోటున్న పిల్ల బొంత కుట్టుకోవాలె గని, గీ ఇనుప డబ్బకు అంగీ కుడుతున్నదేంది!" అని ఊరంతా వినబడేలా నవ్వింది. నేను సిగ్గుపడ్డాను. సంతోషపడ్డాను కూడా. ఎందుకంటే మొదటి కాన్పు పుట్టింట్లో. అది ఎవరూ కాదనలేని హక్కు. ఇక నన్ను మా ఊరు పంపక తప్పదు.

అయితే దానికో లెక్కుంది. ఏడో నెలలో తీసుకెళ్లాలి. ఎనిమిదిలో కదలకూడదు. తొమ్మిదిలో పోవచ్చు గానీ, రెండు రైళ్లు మారి, ఆ పైన పడవెక్కి వెళ్లే దారికి తొమ్మిదో నెలని నమ్ముకోలేం. పుట్టింటివాళ్లే వచ్చి తీసుకెళ్లడం ఆనవాయితీ. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. తమ్ముడు ఇంకా బళ్లో చదువుతున్నాడు. అమ్మ గుడివాడ దాటి ఎరగదు, రైలంటే హడలు. అందుకని మా ఆయనే తీసుకెళ్లి దింపి రావాలని మాట అనుకున్నాం. నాకు ఏడో నెల ఆషాఢంలో వచ్చింది. ఆ నెల కోసం నేను ఎదురుచూసినట్టు పెళ్లి కోసం కూడా ఎదురుచూడలేదు. అమ్మ పక్కలో పడుకోవాలి, కాలవలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి, చింతచిగురు చేపలపులుసు తినాలి. రోజుకోసారి ఇవన్నీ పెద్దమ్మకి అప్పజెప్పేదాన్ని.

ఆషాఢం వచ్చేసరికి మేం కుట్టిన పట్టీలు చుట్టిన ట్యాంకు గోతిలోకి దిగే రోజొచ్చింది. పటాన్‌చెరు అవతల ఒక సేటు కొత్తగా పెడుతున్న ఫ్యాక్టరీ అది. కడుపుతో ఉన్నదాన్ని గుంతల్లోకి తొంగిచూడకూడదని పెద్దమ్మ గోల చేసినా వినకుండా, అన్నం క్యారియరు వంకతో వెళ్లి తీగకంచె ఇవతల నిలబడి చూశాను. మూడు దుంగలు కట్టి, గొలుసుకప్పీ వేలాడదీసి, నల్లగా నిగనిగలాడుతున్న ట్యాంకుని మెల్లగా దించుతున్నారు. మా పట్టీలు ఒకదాని అంచు మీద ఒకటి సగం సగం ఎక్కి చుట్టుకుని ఉన్నాయి. ఎంత వెతికినా కుట్టు కనబడలేదు. అంత గర్వం నాకు ఏ జాకెట్టు కుట్టినా రాలేదు. ఇంటికొచ్చి పెద్దమ్మకి చెప్తే "నేను చెప్పలే?" అంది, రాకపోయినా తనూ చూసినట్టే.

ట్యాంకు దిగాక చుట్టూ ఇటుక గోడ లేపారు. తర్వాత పని వరస ఇది: ట్యాంకు నిండా నీళ్లు పోసి బరువు చేయాలి. ఆ బరువు మీద చుట్టూ ఇసుక పొరలు పొరలుగా వేసి తడిపి దిమ్మిస చేయాలి. పైన స్లాబు వేసి మూత బిగించాలి. ఆ తర్వాత నీళ్లు తోడేసి, తుడిచి, డీజిలు పోయాలి. ఎక్కడైనా అలాగే చేస్తారు. ఇక్కడ మాత్రం నీళ్ల దగ్గర ఆగిపోయింది.

"సేటు నీళ్లు పోయొద్దంటున్నాడే" అన్నారు మా ఆయన అన్నం తింటూ. "కొత్త ట్యాంకులో మొదట పడేది డీజిలే అవ్వాలంట. అదీ పూజ చేసి. శ్రావణంలో ముహూర్తం పెట్టించాడు."

"నిజమేగా" అన్నాను. "కొత్తింట్లో పాలు పొంగించకుండా పప్పు వండుతామా?"

"నాకూ అలాగే అనిపించింది. ఇంజనీరు కూడా సరేనన్నాడు."

వసారాలో గేదెకి కుడితి పెడుతున్న పెద్దమ్మ అక్కణ్ణుంచే తీర్పు చెప్పింది. "ఆషాఢంల ఏ మంచిపనన్న చేస్తరా? సేటు మంచిగనే చెప్పిండు."

అందరం ఒక్క మాట మీదే ఉన్నాం. కాదన్నవాళ్లే లేరు. ఉన్న ఇసుక సగం దాకా వేసి, మిగతా ఇసుక, స్లాబు అంతా పూజ అయ్యాక చూసుకోవచ్చని పని ఆపేశారు. మా ఆయనకి తీరిక దొరికింది. ఇదే మంచి అదను, నిన్ను దింపి వచ్చేస్తానన్నారు. ట్రంకుపెట్టె సర్దాను. పెద్దమ్మ కందిపొడి దంచి, సకినాలు చేసి డబ్బాలో పోసింది. "మీ అవ్వకు చెప్పు, గివ్వి చిట్కుల్ల సకినాలని. మీ కాలువల దొర్కయ్" అంది.

బయలుదేరాల్సిన రోజుకి ముందు వాన పట్టుకుంది. ఆ వైపు వానలు అలా పడతాయని నాకు తెలియదు. అసలు ఆ నేల తడవడం నేను చూడ్డమే తక్కువ. ఎడతెరిపి లేకుండా కురిసి, ప్రయాణం రోజు పొద్దునకి కాస్త తెరిపిచ్చింది. నేను తలంటు పోసుకుని, కొత్తచీర కట్టుకుని, పెట్టె వసారాలోకి తెచ్చిపెట్టాను. ఇంతలో సైటు నుంచి కాపలాదారు సైకిలు మీద వచ్చి మా ఆయన్ని పిలిచాడు. "ఇప్పుడే వచ్చేస్తా, నువ్వు కాఫీ తాగుతుండు" అని ఆయన అతని వెంట పోయారు.

కాఫీ తాగాను. భోజనం వేళ దాటింది. బస్సు వేళ దాటింది. పెట్టె మీద కూర్చుని దారి చూస్తున్నాను. పెద్దమ్మ రెండుసార్లు వచ్చి ఏదైనా తినమంది, తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. మధ్యాహ్నం వాలాక మా ఆయన మోకాళ్లదాకా బురదతో వచ్చారు. లోపలికి రాలేదు. వసారా అంచు మీద కూలబడ్డారు.

"ట్యాంకు తేలింది" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఇనుము తేలడమేంటి?

ఇటుక గది నిండా వాననీళ్లు నిలిచాయట. లోపల ఖాళీగా ఉన్న ట్యాంకు బిందె లేచినట్టు పైకి లేచిందట. లేచిన జాగాలోకి చుట్టూ ఉన్న ఇసుక జారిపోయి కిందకి చేరింది. ఇక అది దిగడానికి వీల్లేదు. ఒక పక్కకి ఒరిగి గోడని నెట్టేస్తే గోడ పగిలింది. పట్టీలన్నీ గోడకి ఒరుసుకుని చీలికలైపోయాయి.

"మరి మన ప్రయాణం?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "ఇప్పుడు వదిలిపెట్టి వస్తే మేస్త్రి పారిపోయాడంటారు. మళ్లీ నన్నెవరు పిలుస్తారు? నీళ్లు తోడి, గోడ కూల్చి, దాన్ని పైకి లాగేదాకా కదలడానికి లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయ్యాక ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు. "అయితే ఆ ఇనుప డబ్బానే కాపురానికి తెచ్చుకోండి! దాని పురుడే పోయండి! నేనెందుకు మీకు?" అని అరిచాను. పెట్టె తెరిచి చీరలన్నీ వసారాలోకి విసిరేశాను. ఆయన ఒక మాట తిరిగి అంటే బాగుండేది. పెద్దమ్మ చీరలన్నీ ఏరి, దులిపి, మడతపెట్టి మళ్లీ పెట్టెలో పెట్టింది. సకినాల డబ్బా మాత్రం మూత తీసి నా ముందు పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను, ఆకలి అలాంటిది.

పంపు పెట్టి తోడుతున్నకొద్దీ వాన పోస్తూనే ఉంది. ఇవాళ, రేపు అంటుండగానే ఏడో నెల వెళ్లిపోయింది. కావాలంటే తనే రైల్లో తీసుకెళ్లి దింపుతానని అంతకుముందు ఒకసారి అన్న పెద్దమ్మ కూడా, ఎనిమిది పడగానే మాట మార్చేసింది. "ఇప్పుడు ఊరి పొలిమేర దాటొద్దు బిడ్డా. నువ్వేడ్సినా సరే, నేను తోల్కపోను." రాలేకపోతున్నానని అమ్మకి కార్డు రాశాను. తమ్ముడి చేత జవాబు రాయించింది. ఊడ్పులు అయిపోగానే వస్తాను, భయపడకు అని. రైలంటే హడలే మా అమ్మ వస్తానని రాసిందంటే ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు. ఆ కార్డు తలగడ కింద పెట్టుకుని పడుకునేదాన్ని.

చీలిపోయిన పట్టీల బదులు మళ్లీ కుట్టాలి. నేను కుట్టనని భీష్మించాను. మా ఆయన సంచులు తెచ్చి వసారాలో పడేసి వెళ్లిపోయారు. పెద్దమ్మ ఒక్కతే కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఆవిడకి చూపు ఆనదు, దబ్బనంలో పురికొస ఎక్కించడానికి మాటిమాటికీ కళ్లు చిట్లించేది. కాసేపు చూసీ చూసీ ఆగలేక వెళ్లి పురికొస ఎక్కించి ఇచ్చాను. తర్వాత ఇంకో దబ్బనం తీసుకున్నాను.

"కోపం మొగని మీదనా, గోనె మీదనా?" అంది.

"మీ ఊరి వాన మీద."

"వాన మాదేనాయె, మరి మేఘాలు ఎక్కడికెల్లి వచ్చినయ్? మీ సముద్రం దిక్కుకెల్లే గద!"

నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుని కూడా నవ్వాను. ఎనిమిదో నెలంతా ఆవిడ ఎదురుగా కూర్చుని కుట్టాను. ఆవిడ నా కాళ్లకి వాపు వచ్చిందని తన ఒళ్లో పెట్టుకుని ఆముదం రాసేది. మునగాకు పప్పు వండేది. ఎక్కడ సంపాదించిందో గానీ ఒకరోజు చెరువు చేపలు తెచ్చి, నేను చెప్పినదంతా విని, అచ్చం మా అమ్మలాగే పులుసు పెట్టానంది. అచ్చం అలా ఏం లేదు. చింతపండు ఎక్కువైంది. గిన్నె ఊడ్చేశాను.

సైటులో ట్యాంకుని పైకి లాగి, కొత్త పట్టీలు చుట్టి మళ్లీ దించి, గోడ లేపేసరికి, ఈసారి సేటు బుద్ధి తెచ్చుకున్నాడు. అయినా ఊరికే నీళ్లు పోయనివ్వడానికి మనసొప్పక పంతులుగారిని పిలిపించాడు. ఆయన కాసేపు ఆలోచించి, గంగపూజ చేసి పోస్తే అవి నీళ్లు కావు, గంగ అని తేల్చాడు. ట్యాంకు మెడకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, లారీతో తెచ్చిన బోరునీళ్లు గంగ పేరుతో నింపారు. ట్యాంకు మరి కదల్లేదు. మంజీర ఏటి ఇసుక వేశారు. ఇక స్లాబు ఒక్కటే మిగిలింది. తొమ్మిది పడింది కాబట్టి, స్లాబు అవగానే ఎలాగోలా నన్ను రైలెక్కిస్తానని మా ఆయన మళ్లీ మాట ఇచ్చారు. మళ్లీ పెట్టె సర్దాను.

స్లాబు వేస్తున్న రోజు పొద్దున్నే నాకు నొప్పులు మొదలయ్యాయి.

స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే పాత కాంక్రీటుకీ కొత్తదానికీ అతుకు పడుతుంది, ఆ అతుకులోంచే నీళ్లు దిగుతాయి. మా ఆయనకి కబురు అందింది. రాలేరని నాకు తెలుసు. ఆయన అక్కడ నిలబడి ఎంత కొట్టుకుపోయారో తర్వాత చాలా ఏళ్లకి గానీ చెప్పలేదు. నాకు మాత్రం ఆ క్షణంలో ఆయన గుర్తే లేరు. అమ్మా, అమ్మా అని ఒకటే అరుస్తున్నాను. మంత్రసాని ముందు కూర్చుంది. పెద్దమ్మ నా వెనక కూర్చుని, నా వీపుని తన గుండెకి ఆనించుకుని, చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. నేను అమ్మా అన్నప్పుడల్లా "ఆఁ బిడ్డా, ఈడనే ఉన్న" అంటోంది. నేను పిలిచేది ఎవరినో ఆవిడకి తెలుసు. అయినా ప్రతిసారీ పలికింది.

సాయంత్రం మా ఆయన సిమెంటు కాళ్లతోనే పరిగెత్తుకొచ్చారు. ఆడపిల్ల. పెద్దమ్మ గడపలో అడ్డం నిలబడి, "నీ డబ్బ పురుడు అయ్యిందా అయ్యా? మా పురుడు ఎప్పుడో అయ్యింది. కాళ్లు కడుక్కొని రా!" అంది.

ఆ తర్వాత పుట్టింట్లో జరగాల్సినవన్నీ ఆ లోగిట్లోనే జరిగాయి. వేణ్ణీళ్ల స్నానాలు, సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారం, నడుముకి బిగించే గుడ్డ. అమ్మ మాత్రం రాలేకపోయింది. ఊడ్పులు అయ్యాక గాలివాన వచ్చి ఇంటికప్పు ఎగిరిపోయింది, దాని వెనకే తమ్ముడికి జ్వరం. నేను అమ్మ కోసం ఏడుస్తూనే ఉండేదాన్ని. పెద్దమ్మ ఎంత చేసినా ఆ ఏడుపు ఆగేది కాదు. ఆవిడ దానికి ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు.

పాపకి అయిదో నెల వచ్చాక, మాఘంలో, మా ఊరి ప్రయాణం కుదిరింది. ఈసారి వాన లేదు, ట్యాంకు లేదు. తెల్లచీర మీద ఉతికిన తువ్వాలు కప్పుకుని పెద్దమ్మ నన్ను పీట మీద కూర్చోమంది. ఎందుకో తెలియక కూర్చున్నాను. పక్కింటి ముత్తైదువని పిలిపించి నాకు బొట్టు పెట్టించింది. కొంగు పట్టమంది. పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో నా ఒళ్లో పోయించింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికెగుడ్డ పెట్టించింది. తను దూరంగా గోడకి ఆనుకుని, ఎలా పోయాలో, ఎలా ముడి వేయాలో చెబుతోంది.

ఒడిబియ్యం ఎవరు పోస్తారో అప్పటికి నాకు తెలుసు. పుట్టింటివాళ్లు పోస్తారు, ఆడపిల్ల అత్తింటికి వెళ్లేటప్పుడు.

"పెద్దమ్మా, నేను వెళ్లేదే పుట్టింటికి కదా" అన్నాను. "వచ్చేటప్పుడు అక్కడ పోస్తారు గానీ, వెళ్లేటప్పుడు ఇక్కడెందుకు?"

"మరి ఇప్పుడు యాడికెల్లి పోతున్నవ్?" అంది. ఎక్కడికని కాదు, ఎక్కణ్ణుంచి అని.

కొంగు ముడి బిగించుకుని లేచి కాళ్లకి దణ్ణం పెట్టాను. బస్సు దాకా వచ్చి, పాపని ఆఖరిదాకా తనే ఎత్తుకుని, బస్సు కదిలేటప్పుడు అందించింది.

మా ఊళ్లో దిగాను. కాలవ అలాగే ఉంది. అమ్మ నన్నూ పాపనీ కలిపి కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చేపలపులుసు, అమ్మ పక్క, అన్నీ దొరికాయి. మా ఆయన మమ్మల్ని దింపి వెనక్కి వెళ్లారు. కొన్నాళ్లకి ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కాంట్రాక్టరుకి విశాఖపట్నంలో పెద్ద పని దొరికింది, చిట్కుల్ గది ఖాళీ చేసి సామాను లారీలో వేసేశాను, మీరు అటునుంచి అటే వచ్చేయండి అని. పాప ఎలా ఉందని పెద్దమ్మ అడిగిందని చివర్లో రాశారు. నేను మళ్లీ ఆవిణ్ణి చూడలేదు. విశాఖ నుంచి చిట్కుల్ వెళ్లాలంటే ఆ రోజుల్లో మాటలు కాదు. పిల్లలు పుట్టారు, పనులు పెరిగాయి. వెళ్లగలిగేసరికి ఆవిడ లేదు.

ఆ రోజు ఆ ఉత్తరం చదివి, కాలవగట్టున మా ఇంటి అరుగు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఏడాదిన్నరపాటు ఏ ఇంటి కోసం కుమిలిపోయానో ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని. అమ్మ చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అల్లుడికేమైనా అయిందేమోనని కంగారు పడింది. ఏం కాలేదమ్మా, చిట్కుల్ గది ఖాళీ చేసేశారంట అన్నాను. అమ్మ నా పక్కన కూర్చుని, ఉత్తరం చదవడం రాకపోయినా దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆ పెద్దమ్మ మీద బెంగా?" అంది.

తల ఊపాను. అమ్మకి కష్టంగా ఉంటుందేమోనని భయం వేసింది. కష్టంగా ఉండే ఉంటుంది. కాలవ వంక చూసింది. తర్వాత కొంగుతో నా మొహం తుడిచింది.

"పెళ్లైన కొత్తలో నేనూ ఇక్కడే కూర్చుని ఇలాగే ఏడ్చేదాన్ని" అంది. "పుట్టింటి మీద బెంగ అంత తొందరగా తీరదే. ఏడువు."